సమస్యాపూరణం: "పీట లేనివాఁడె పెద్దవాఁడు"

కందుకూరు మాస్టారు (నిర్వాహకుడు):
ఈ వారం సమస్య, ఆటవెలది చివరి పాదం:

*పీట లేనివాఁడె పెద్దవాఁడు*

పెళ్ళిపీటలు, పదవిపీటలు వద్దు. వాటి మీద ఎవరైనా రాస్తారు. మనలో సగంమంది సోల్డరింగ్ ఐరన్ పట్టినవాళ్ళే కాబట్టి పీటంటే ఇక్కడ ఐసీ బేసు. ముందు బేసుని బోర్డుకి సోల్డర్ చేసి, చిప్పుని తర్వాత దాంట్లో గుచ్చుతాం కదా, అదీ. బేసు లేకుండా నేరుగా బోర్డుకి అతుక్కున్న చిప్పే గొప్పదని ఒప్పించండి, లేదా తిప్పికొట్టండి. యతి తప్పితే మాత్రం ఊరుకోను. అటు తిక్కన, ఇటు ఎఱ్ఱన. మధ్యలో ఉన్నాం, పరువు పోతుంది.

కొత్తపట్నం ఏరేటర్:

ఉప్పు గాలి సోకి యొడలెల్ల చిలుమెక్కి
పీట పట్టు సడలి విఫలమయ్యె
కడలి కెదుట సీసకవచంబు తొడిగిన
పీట లేనివాఁడె పెద్దవాఁడు

రొయ్యల గుంటల గట్ల మీద పానెల్ బోర్డులు చూసేవాళ్ళకి ఇది కవిత్వం కాదు, రోజూ జరిగేదే. చిప్పు నిక్షేపంగా ఉంటది. బేసు లోపల చిప్పు కాలిని పట్టుకునే రేకులు మాత్రం తేమకీ ఉప్పుకీ మాసిపోతాయి. చిప్పు పీకి మళ్ళీ నొక్కితే ఆ రాపిడికి కాస్త మెరుగై కొన్నాళ్ళు ఆడుద్ది, తర్వాత మళ్ళీ మొండికేస్తది. రైతేమో అర్ధరాత్రి ఫోన్ చేసి ఏరేటర్లు (గుంట నీళ్ళలో గాలి కలిపే యంత్రాలు) ఆగాయంటాడు. ఇట్టాంటి చోట నేరుగా సోల్డర్ చేసి, పైన లాకర్ (తేమని ఆపే వార్నిష్ లాంటి పూత) కొట్టిన బోర్డే నిలబడుద్ది.

కందుకూరు మాస్టారు:
మొదటి పాదంలో "ఉ"కీ "యొడలు"లోని ఒకారానికీ యతి చక్కగా కుదిరింది, అక్కడ యడాగమమే కాబట్టి ఇబ్బంది లేదు. రెండో పాదంలో పీ-వి కూడా సరే. ఒక్కటే సందేహం. సోల్డర్ తీగలో సీసం కన్నా తగరం ఎక్కువ. 60-40 అంటే 60 పాళ్ళు తగరమే. 183 డిగ్రీలకి ఒక్కసారిగా కరిగే 63-37లో ఇంకా ఎక్కువ. కవచమంతా సీసానిదే అంటే తగరం అలగదా? "తగరకవచంబు" అనండి. హగణం పోయి నగణం వస్తుంది, అది కూడా సూర్యగణమే. యతి కవచంలోని "క" మీద ఉంది కాబట్టి అదీ చెడదు.

ఒంగోలు వ్యాకరణం:
మాస్టారూ, తగరం తెలుగు మాట, కవచం సంస్కృతం. అది వైరి సమాసం కాదా?

కొత్తపట్నం ఏరేటర్:
చూశారా! సీసమే ఉంచుతున్నా. తగరం అలిగితే నేను బుజ్జగించుకుంటా.

ట్రంకురోడ్డు రిపేరు:
ఏందన్నా, అందరూ బేసు మీద పడ్డారు? నాది ఎదురుపక్షం.

కాళ్ళు నలుబదింటిఁ గాల్చి గాల్చి పెఱుక
రాగి రేకు లేచి రచ్చ కెక్కె
ఇంత చూచి కూడ నెవ్వఁడోయి వచించు
పీట లేనివాఁడె పెద్దవాఁడు?

8051 జాతి కంట్రోలర్ చిప్పుకి నలభై కాళ్ళు, కాలికీ కాలికీ మధ్య 2.54 మిల్లీమీటర్లు. అది పోయిందనుకో, ఒక్కో కాలి దగ్గర సోల్డర్ పీలుస్తూ కూర్చోవాలి. ఒక్క కాలు అంటుకుని ఉండగా లాగామా, కింద ట్రాకు లేచొస్తది. బేసు ఉంటే స్క్రూడ్రైవర్‌తో ఈ చివర కొంచెం, ఆ చివర కొంచెం లేపి తీసెయ్యడమే. కొత్తది గాడి గుర్తు చూసుకుని నొక్కాలి, అంతే. పాత 27 వరస ఈప్రామ్‌ల (ప్రోగ్రామ్ దాచే మెమరీ చిప్పుల) సంగతి చెప్పేదేముంది, ప్రోగ్రామ్ మార్చాలంటే బయటికి తీసి, పైనున్న గాజు కిటికీలోంచి అతినీలలోహిత కాంతి చూపించి చెరపాల్సిందే. దాన్ని బోర్డుకి అతికించిన మహానుభావుడి చెయ్యి చూడాలని ఉంది.

కందుకూరు మాస్టారు:
సమస్యని ప్రశ్నగా మార్చి ఎదుటివాడి నోట్లో పెట్టడం బాగుంది. "రచ్చ కెక్కె" ఈ పద్యానికి ప్రాణం. పద్యంలో తప్పు లేదు, పనిలో ఉంది! పోయిన చిప్పుని కాల్చి పెరకడం ఎందుకు? సన్న కట్టర్‌తో కాళ్ళన్నీ ఒంటి దగ్గర కత్తిరించి పారేసి, మిగిలిన కాళ్ళని ఒక్కొక్కటీ వేడి చేసి తీస్తే రాగి రేకు లేవదు. ఎటూ చచ్చిన చిప్పే కదా, కాళ్ళ మీద జాలెందుకు?

ట్రంకురోడ్డు రిపేరు:
చచ్చిందో లేదో పీకి వేరే బోర్డులో పెట్టి చూస్తేనే కదా మాస్టారూ తెలిసేది.

కందుకూరు మాస్టారు:
ఒప్పుకున్నాను. ఆ మాటకి జవాబు లేదు.

కావలి డిప్లొమా:
మొదటిసారి రాస్తున్నా, పెద్దలు మన్నించాలి.

వేడి తగిలి చల్లబడి మెల్లగా లేచి
లేచి వచ్చె చిప్పు లెక్క తప్పె
కదలకుండ నాటి కాళ్ళూని నిలబడ్డ
పీట లేనివాఁడె పెద్దవాఁడు

కందుకూరు మాస్టారు:
అబ్బాయ్, భావం బో బాగుంది. మొదటి పాదంలో యతి పోయింది. "వే"కి "బ" హల్లు సరిపోయినా ఏకారానికి అకారం చెల్లదు. పైగా "లేచి లేచి" వెంటవెంటనే పడింది.

కావలి డిప్లొమా:
సార్, వేడి-బడి, రెండో అక్షరం "డి" కలిసింది కదా. ప్రాసయతి అనుకున్నా.

ఒంగోలు వ్యాకరణం:
ప్రాసయతికి ముందక్షరాలు రెండూ గురువులో, రెండూ లఘువులో అయి ఉండాలి. "వే" గురువు, "బ" లఘువు. చెల్లదు.

కందుకూరు మాస్టారు:
ఇట్టా చూడు:

వేడి చల్లదనపు వేటున మెలమెల్ల

ఇప్పుడు "లేచి" ఒక్కటే మిగిలింది, యతీ కుదిరింది. ఈ పద్యంలో నాకు నచ్చింది రెండో పాదం. బోర్డు వేడెక్కి చల్లారిన ప్రతిసారీ చిప్పు బేసులోంచి వెంట్రుకవాసి పైకి జరగడం నిజంగా ఉన్నదే. 1980లో వచ్చిన ఆపిల్ త్రీ కంప్యూటర్లో ఇదే గోల. యంత్రాన్ని కొంచెం ఎత్తి కింద పడేస్తే చిప్పులు సర్దుకుంటాయని కంపెనీ వాళ్ళే సలహా ఇచ్చారు. లెక్కలు చేసే యంత్రంలో చిప్పు లేస్తే "లెక్క తప్పె" అనడం, ఆ శ్లేష నువ్వు తెలిసి వేశావో తెలియక వేశావో గానీ, మార్కులు నీకే.

సింగరాయకొండ స్టెబిలైజర్:
మీరంతా గొప్పతనం గురించి కొట్టుకుంటున్నారు, నేను సైజు గురించి మాట్లాడతా.

చిట్టి చిప్పు లెల్లఁ జేరెఁ బీటల మీఁద
సీటు దొరికె ననుచుఁ జెలఁగుచుండె
ట్రాన్సుఫార్మరన్న రాయివంటి యతఁడు
పీట లేనివాఁడె పెద్దవాఁడు

ఒంగోలు వ్యాకరణం:
ట్రా-రా యతి చూసి మనసారా నవ్వుకున్నా. సంయుక్తాక్షరంలో ఏ హల్లుకైనా యతి వెయ్యొచ్చు, చెల్లుతుంది.

ట్రంకురోడ్డు రిపేరు:
అన్నకి పీట లేదు గానీ నాలుగు మూలలా నట్లు బిగించాలి, మర్చిపోవద్దు.

కందుకూరు మాస్టారు:
ఈ వారం మొదటి స్థానం కావలి కుర్రాడికి, సవరించిన పాదంతో. హాస్యానికి స్టెబిలైజర్‌కి.

వాదం సంగతికొస్తే నా పక్షం ఇదీ. బేసు పెట్టామంటే ప్రతి కాలికీ ఇంకో అతుకు చేర్చామని అర్థం. తీసి పెట్టే అవసరమున్న చిప్పుకే ఆ ఖర్చు గిట్టుబాటు. ఈప్రామ్, ప్రోగ్రామ్ మార్చే కంట్రోలర్, తరచుగా కాలిపోయే డ్రైవర్ చిప్పు, వీటికి పీట వెయ్యండి. పదేపదే మార్చేదైతే లివర్ ఎత్తితే కాళ్ళు వదిలేసే రకం బేసు వెయ్యండి. చవక రేకుల బేసు కన్నా గుండ్రటి పిన్నుల బేసు పట్టు గట్టిది. బంగారు పూత చూసి మురిసిపోవద్దు, చిప్పు కాళ్ళకి తగరం పూత ఉంటే బంగారం, తగరం రాపిడిలో తుప్పు త్వరగా పుడుతుంది. సముద్రం పక్కన మాత్రం నా ఓటు ఏరేటర్‌కే. లాకర్ కొట్టేటప్పుడు బేసు సందుల్లోకి పోనివ్వొద్దు, పోతే కాంటాక్టే ఉండదు.

వచ్చే వారానికి:

*కాళ్ళు లేనివాఁడె గట్టివాఁడు*

కావలి డిప్లొమా:
సార్, కాళ్ళు చిప్పుకి కాకుండా సాకెట్టుకే ఉండే ఎల్.జి.ఏ. ప్రాసెసర్ల మీద రాయొచ్చా?

కందుకూరు మాస్టారు:
రాయి. యతి చూసుకుని రాయి.