అప్‌డేట్: ఈసారి పఫ్‌ల అడుగు మెత్తబడలేదు!

పోయిన వారం అడిగాను కదా, బాబు పుట్టినరోజుకి ఫ్రోజెన్ పఫ్ పేస్ట్రీ షీట్లతో మన బేకరీ కర్రీ పఫ్‌లు ట్రై చేస్తుంటే అడుగు పచ్చిగా ఉండిపోతోందని. కూర వేడిగా పెట్టడం వల్లే అన్నారు మీరు, నిజమే. ఈసారి ఆలూ, బఠాణీ కూర నీరంతా ఇగిరేదాకా వేయించి రాత్రే ఫ్రిజ్‌లో పెట్టేశాను. షీట్లు చల్లగా ఉండగానే కోసి, ఒక్కోదాంట్లో చెంచాడు కూరే పెట్టి (ఆశపడి రెండేసి చెంచాలు పెట్టినవి మూడూ విచ్చుకుని కూరంతా ట్రేలోకి వచ్చేసింది), అంచులు ఫోర్కుతో నొక్కి, పైన గుడ్డు సొన రాసి, 200 డిగ్రీల్లో 25 నిమిషాలు ఉంచాను. సొన పక్కలకి కారిన చోట మాత్రం పొరలు అతుక్కుపోయి పొంగలేదు. మొత్తం 36 చేస్తే మా అత్తయ్యకి ఒక్కటీ మిగల్లేదు, ఆవిడ ఇంకా అంటూనే ఉన్నారు.