ఎంజీబీ బాడీలో ఈ రంధ్రాలు దేనికి?

ప్రశ్న (అనంతపురం): మా షెడ్డులో 1967 నాటి ఎంజీబీ కారుకు పాత రంగు గీకిస్తుండగా, ఇంజను వెనుక రేకులో, పెడళ్లు లేని వైపున, పలకతో మూసిన పెద్ద రంధ్రమొకటి, సిల్లుల (తలుపుల కింద పొడవునా ఉండే బోలు రేకు పట్టీల) అడుగున చిన్న రంధ్రాలు కొన్ని బయటపడ్డాయి. అంచులు నున్నగా ఉన్నందున ఫ్యాక్టరీవే అనుకుంటున్నాను. వెల్డరు అన్నీ మూసేద్దామంటున్నాడు. మూయించవచ్చునా?

జవాబు (కర్నూలు): తొందరపడకండి. ఇంగ్లండులోని ఆబింగ్డన్‌లో 1962 నుండి 1980 వరకు తయారైన ఈ కారు అమెరికాకు విరివిగా ఎగుమతి అయ్యేది కనుక, స్టీరింగు ఏ వైపున్నా సరిపోయేలా రేకుకు రెండు వైపులా పెడళ్ల పెట్టెకు చోటు వదిలి, వాడని వైపు పలక బిగించేవారు.

జవాబు (కడప): సిల్లుల కిందివి నీరు కారిపోవడానికండి. నా కారులో వాటిని ఎవరో పుట్టీతో పూడ్చగా, లోపల నిలిచిన తేమకు రేకు ఎంత తుప్పు పట్టిందంటే, స్క్రూడ్రైవరు ఆనించగానే అప్పడంలా విరిగింది.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండి. పలకకు స్క్రూలే ఉన్నాయి, వెల్డరును వద్దన్నాను.