ఫిక్సీకి ముందు బ్రేకు ఉండాలా, కాళ్లు చాలవా?

తార్నాక_రైడర్ · ఆదివారం, ఉదయం 9:40

ఇవాళ పొద్దున జరిగింది చెప్పి ఒక విషయం అడుగుతాను. నాలుగు నెలలుగా ఫిక్సీ సైకిల్ తొక్కుతున్నా. ముందు చైన్ చక్రానికి 46 పళ్లు, వెనక దానికి 16 పళ్లు, బ్రేకులు లేవు. తెలియనివాళ్ల కోసం: దీనికి ఫ్రీవీల్ ఉండదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్లు తిరుగుతూనే ఉంటాయి, కాళ్లు ఆపి కూర్చోవడం కుదరదు. పెడళ్లను వెనక్కి అదిమితే వేగం తగ్గుతుంది. "కాళ్లే బ్రేకులు" అని చెప్పి అమ్మారు, ఇన్నాళ్లూ అలాగే నడిచింది.

ఇవాళ హబ్సిగూడ దగ్గర పక్కన ఆగి ఉన్న ఆటో ఒక్కసారిగా యూటర్న్ కొట్టింది. ఉన్న బలమంతా పెట్టి పెడళ్లు అదిమాను. వెనక చక్రం లాక్ అయింది, టైరు జర్రున జారింది, సైకిల్ మాత్రం పోతూనే ఉంది. ఆటో వెనక కమ్మీకి జానెడు దూరంలో ఆగాను. డ్రైవరు దిగి "బ్రేకు కొట్టవా తమ్మీ" అన్నాడు. తర్వాత నా హ్యాండిల్ మీద బ్రేకు కోసం చూశాడు, కనపడలేదు, ఇంకేం అనకుండా వెళ్లిపోయాడు. ఇంటికొచ్చి గంటయినా చేతుల వణుకు తగ్గలేదు.

మా గ్రూపులో సగం మంది "స్కిడ్ (కాళ్లతో వెనక చక్రాన్ని లాక్ చేసి, జారిస్తూ ఆపడం) సరిగ్గా నేర్చుకో" అంటున్నారు, మిగతా సగం "ముందు బ్రేకు వేయించు" అంటున్నారు. ఏళ్ల తరబడి తొక్కినవాళ్లు చెప్పండి.

చైన్_టైట్ · 10:15

దెబ్బ తగలలేదు, అది చాలు తమ్ముడూ. నేను ఆరేళ్లుగా బ్రేకు లేకుండా తొక్కుతున్నా, మాదాపూర్ ట్రాఫిక్‌లో కూడా. బ్రేకు ఉంటే మనిషి దాన్ని నమ్ముకుని సందు కనపడగానే దూరతాడు. లేకపోతే ఆగి ఉన్న ఆటో కనపడగానే దాని ముందు చక్రం ఎటు తిరిగి ఉందో చూస్తాడు, డ్రైవరు సీట్లో ఉన్నాడా లేడా చూస్తాడు, యాభై అడుగుల ముందే కాళ్లు బిగిస్తాడు. ఆ చూపే అసలు బ్రేకు.

ఇంకోటి, వాన. రిమ్ తడిస్తే బ్రేకు రబ్బరు పట్టదు, స్టీలు రిమ్ అయితే మరీ. కాళ్లకి ఆ ఇబ్బంది లేదు.

నీ స్కిడ్‌లో ఎక్కడో తప్పుంది. పాదాలకి స్ట్రాప్‌లు ఉన్నాయా? అవి లేకుండా స్కిడ్ చేయకు. ఒళ్లు హ్యాండిల్ మీదికి వంచి వెనక చక్రం మీద బరువు తీసెయ్. క్రాంకులు, అంటే పెడళ్ల కాడలు, అడ్డంగా వచ్చిన క్షణంలో వెనక పాదంతో కిందికి తొక్కి పట్టు, ముందు పాదంతో స్ట్రాప్‌ని పైకి లాగు. రోజూ అరగంట ఖాళీ స్థలంలో చేస్తే నెల రోజుల్లో వచ్చేస్తుంది.

పాత_లాక్‌రింగ్ · 11:02

చూపు గురించి చైన్ టైట్ అన్న చెప్పింది అక్షరాలా నిజం. స్కిడ్ చెప్పిన పద్ధతి కూడా సరైనదే. కానీ అన్నా, మీ మాటల్లోనే జవాబు ఉంది. స్కిడ్ చేయాలంటే వెనక చక్రం మీద బరువు తీసెయ్యాలి అన్నారు. బరువు లేని చక్రం రోడ్డుని ఏం పట్టుకుంటుంది?

బస్సు సడన్‌గా బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్లందరూ ముందుకు తూలతారు కదా. సైకిల్‌కీ అంతే. ఆగడం మొదలవగానే బరువంతా ముందు చక్రం మీదికి వెళ్తుంది, వెనక చక్రం తేలికవుతుంది. గట్టిగా ఆపేకొద్దీ ఇంకా తేలికవుతుంది. కాళ్లు ఎంత బలంగా ఉన్నా ఈ హద్దు దాటలేం, ఎందుకంటే లోటు కాళ్లలో లేదు, టైరు కింద ఉంది.

లెక్కలో చెప్తాను. పొడి రోడ్డు మీద వెనక చక్రం ఒక్కదానితో ఆపితే వేగం తగ్గే రేటు గురుత్వ త్వరణంలో సుమారు పావు వంతు. ముందు బ్రేకు సరిగ్గా వాడితే సుమారు సగం. గంటకు 25 కి.మీ. వేగంలో ఉన్నామనుకోండి. మొదటి దానికి దాదాపు 10 మీటర్లు కావాలి, రెండో దానికి 5 చాలు. ప్రమాదం కనపడి ఒళ్లు కదిలేలోపు పోయే దూరం రెండింటికీ సమానమే, దాన్ని ఇందులో కలపలేదు. పైగా క్రాంకులు అడ్డంగా వచ్చేదాకా ఆగాల్సిన క్షణం ఒకటి ఉంది, అది కూడా కలపలేదు.

నమ్మకం కుదరక నేనే చేసి చూశాను. ఆదివారం ఖాళీగా ఉండే పార్కింగ్‌లో చాక్‌పీస్‌తో గీత గీశాను. ఒకే వేగంలో వచ్చి గీత దగ్గర ఆపడం మొదలుపెట్టి, ఆగిన చోటు నుంచి అడుగులు వేసి కొలిచాను. ముందు బ్రేకుతో ఏడడుగులు, స్కిడ్‌తో పదహారు. నాకు స్కిడ్ బాగా వచ్చు, ఎనిమిదేళ్ల అలవాటు. ఆ పదహారు అడుగులు నడుస్తున్నప్పుడు లోపల భయమేసింది. అన్నేళ్లు నేను రోడ్డు మీద తిరిగింది ఆ దూరంతోనే కదా. ఆ వారంలోనే బ్రేకు వేయించాను.

కాళ్లు వేగం తగ్గించడానికి అద్భుతం. సిగ్నల్ దగ్గరికి వస్తూ మెత్తగా నిదానించడం ఫిక్సీలో ఉన్నంత హాయిగా ఇంకే సైకిల్‌లోనూ ఉండదు, నూటికి తొంభై సార్లు నేనూ బ్రేకు ముట్టుకోను. కానీ నిదానించడం వేరు, ఆపడం వేరు. పిల్లవాడు బంతి వెనక పరుగెత్తుకొచ్చినప్పుడు మనకి కావాల్సింది రెండోది.

చైన్ సంగతి కూడా చెప్పాలి. అది ఊడినా తెగినా కాళ్లకీ చక్రానికీ సంబంధమే ఉండదు. బ్రేకు లేని ఫిక్సీలో ఆ క్షణం నుంచి ఏమీ లేదు.

ఓయూ_ట్రాక్ · 11:20

ట్రాక్ సైకిళ్లకి బ్రేకులు ఉండవు కదా అని కుర్రాళ్లు అడుగుతుంటారు, అందుకే రాస్తున్నా. 2002 జాతీయ క్రీడల కోసం ఓయూలో కట్టిన వెలోడ్రోమ్‌లో, అంటే వాలు గట్టున్న సైకిల్ పందేల ట్రాక్‌లో, నేను తొక్కాను. అక్కడ బ్రేకులు నిషేధం, కారణం కూడా భద్రతే. ఒకరి వెనక చక్రానికి ఒకరు అంగుళాల దూరంలో పోతాం, ముందువాడు సడన్‌గా ఆపితే వెనకున్న అందరూ పడతారు. నిదానించాలంటే వాలు గట్టు పైకి ఎక్కుతాం. అందరూ ఒకే దిక్కు, ఎదురొచ్చేది ఏదీ లేదు. రోడ్డు మీద గట్టూ లేదు, ఒకే దిక్కూ లేదు. కెయిరిన్ అనే ట్రాక్ సైకిల్ పందేలు పుట్టిన జపాన్‌లోనే రోడ్డు మీదికి వచ్చే సైకిల్‌కి రెండు చక్రాలకీ బ్రేకు తప్పనిసరి.

లండన్_గుంటూరు · 12:48

ఇక్కడి సంగతి చెప్తానండి. 1983 నాటి నిబంధనల ప్రకారం బ్రిటన్‌లో ఫిక్సీకి ముందు చక్రం మీద బ్రేకు తప్పనిసరి. ఫ్రీవీల్ లేని స్థిరమైన గేరుని వెనక బ్రేకు కింద లెక్కేస్తారు. 2016 ఫిబ్రవరిలో లండన్‌లో ఓల్డ్ స్ట్రీట్ దగ్గర ముందు బ్రేకు లేని ఫిక్సీ మీద వస్తున్న 18 ఏళ్ల కుర్రాడు రోడ్డు దాటుతున్న 44 ఏళ్ల మహిళని ఢీకొట్టాడు. ఆవిడ తలకి దెబ్బ తగిలి చనిపోయారు, ఇద్దరు పిల్లల తల్లి. 2017లో నరహత్య నేరం కొట్టేశారు కానీ, 1861 నాటి చట్టం కింద ఇంకో నేరం రుజువై 18 నెలల శిక్ష పడింది. బ్రేకు ఉంటే ఎన్ని మీటర్లలో ఆగేవాడు అనే దాని మీద ఇప్పటికీ వాదనలున్నాయి. నేను రోజూ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాను. మన ప్రాణం మనిష్టం అనుకుంటాం, ఎదురుగా ఉన్నవాళ్ల ప్రాణం మన ఇష్టం కాదు కదండీ.

చైన్_టైట్ · 13:30

ఆ కేసు నాకు తెలుసు గుంటూరు గారూ. బాధగా ఉంటుంది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను.

లాక్‌రింగ్, చైన్ గురించి నువ్వు చెప్పింది ఒప్పుకుంటున్నా. నేను రెండు వారాలకోసారి చైన్ బిగుతు చూస్తా, పైకీ కిందికీ అర అంగుళం ఆడేలా పెడతా. ఇన్నేళ్లలో ఒక్కసారీ తెగలేదు. కానీ తెగితే ఏంటి అన్నదానికి నా దగ్గర జవాబు లేదు.

అయినా ఒక మాట. ముందు బ్రేకు భయంతో పిడికిలి బిగించి కొడితే మనిషి హ్యాండిల్ మీద నుంచి ఎగిరి పడతాడు. మలుపులో ఇసక మీద కొడితే ముందు చక్రం పక్కకి పోతుంది, దాన్ని ఆపలేం. మా వీధి కుర్రాడికి అలాగే పడి చెయ్యి విరిగింది. బ్రేకు బిగించడంతో పని అయిపోదు.

వైజాగ్_గేర్‌లెస్ · 14:05

అందుకే నేర్చుకోవాలి అన్నా, తీసెయ్యడం కాదు. నిటారుగా పోతున్నప్పుడు ఒంటిని సీటు వెనక్కి జరిపి, చేతులు బిగబట్టి, లివరుని కొట్టకుండా పిండుతూ పోవాలి. ఫిక్సీలో ఇంకో మేలుంది. వెనక చక్రం లేవబోతుంటే మొదట కాళ్లకే తెలుస్తుంది, పెడళ్లు ఉన్నట్టుండి తేలికైపోతాయి. అప్పుడు వేళ్లు కాస్త వదిలితే చాలు. ఈ హెచ్చరిక మామూలు సైకిల్‌లో ఉండదు.

నేను కైలాసగిరి దిగుతుంటాను. నా గేరు కూడా 46-16, పెడళ్లు ఒక చుట్టు తిరిగితే సైకిల్ 6 మీటర్లు పోతుంది. 40 కి.మీ. వేగం వస్తే కాళ్లు నిమిషానికి 110 చుట్లు తిరగాలి. అప్పుడు సీటు మీద ఎగురుతుంటాం, అదిమి పట్టే వీలెక్కడిది? పాదం జారితే పెడళ్లు పిక్కల మీద కొడతాయి. దిగుడు మొదట్లోనే ముందు బ్రేకుతో వేగాన్ని కట్టేసి, కాళ్లతో దాన్ని అక్కడే నిలబెడతా.

తార్నాక తమ్ముడూ, స్కిడ్ చేస్తావు కాబట్టి టైరు కూడా చూసుకో. 46-16లో ఒకే కాలు ముందు పెట్టి స్కిడ్ చేస్తే టైరు 8 చోట్లే అరుగుతుంది. 48-16 అయితే ఒక్కటే చోటు, నెలలోనే దారాలు బయటికొస్తాయి. వెనక 17 పళ్లు వేస్తే అరుగుదల 17 చోట్లకి పంచుకుంటుంది.

ఖమ్మం_సైకిల్ · 15:10

నాదో డౌట్ అన్నా. మా మెకానిక్ దగ్గర నాన్న పాత సైకిల్ ఫ్రీవీల్‌కి వెల్డింగ్ కొట్టించి ఫిక్సీ చేయించా. రాడ్ బ్రేకులు తీసేశాడు. ఇది ఓకేనా?

పాత_లాక్‌రింగ్ · 15:16

తమ్ముడూ, దాన్ని ఈ రోజు నుంచే తొక్కకు. ఫ్రీవీల్ హబ్‌కి (చక్రం నడిమి భాగానికి) ఒకటే మర. ముందుకి తొక్కితే బిగుస్తుంది, వెనక్కి అదిమితే ఊడుతుంది. అసలు ఫిక్సీ హబ్‌కి పక్కన ఎదురు మరతో ఇంకో మెట్టు ఉంటుంది, దాని మీద లాక్‌రింగ్ కూర్చుని కాగ్‌ని, అంటే వెనక పళ్ల చక్రాన్ని, ఊడకుండా పట్టుకుంటుంది. నీ దానికి అది లేదు. గట్టిగా ఆపాల్సి వచ్చినప్పుడే కాగ్ ఊడి కాళ్లు గాల్లో తిరుగుతాయి. మొదట రాడ్ బ్రేకులు తిరిగి పెట్టించి, కొత్త ఫ్రీవీల్ వేయించు. ఫిక్సీయే కావాలంటే అసలైన హబ్‌తో చక్రం కట్టించుకో. డబ్బు కష్టమైతే ఇక్కడే చెప్పు, నా దగ్గర పాత హబ్ ఒకటుంది.

ఖమ్మం_సైకిల్ · 15:31

సరే అన్నా. రేపే తీసుకెళ్తా. హబ్ గురించి మెసేజ్ పెడతా.

తార్నాక_రైడర్ · 20:22

అందరికీ థ్యాంక్స్. సాయంత్రం మా అపార్ట్‌మెంట్ వెనక నేనూ చాక్‌పీస్ గీత గీశాను. తమ్ముడి గేర్ సైకిల్ ముందు బ్రేకుతో ఎనిమిది అడుగులు, నా స్కిడ్ ఇరవై రెండు. తమ్ముడు మూడుసార్లు కొలిచాడు.

బ్రేకు వేయిద్దామని షాపుకి వెళ్తే ఇంకో చిక్కు. నాది ట్రాక్ సైకిల్ ఫోర్క్ (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం), బ్రేకు బిగించే రంధ్రమే లేదు. డ్రిల్ చేస్తానంటున్నాడు. చేయించనా?

పాత_లాక్‌రింగ్ · 20:40

వద్దు. నువ్వు ఆగేదే ఆ ఫోర్క్ మీద ఆధారపడి. రంధ్రం ఉన్న ఫోర్క్ కొను, స్టీలుదైనా చాలు. స్టీరర్ (ఫోర్క్ పై గొట్టం) కొలత, యాక్సిల్ నుంచి రిమ్ దాకా దూరం రాసుకెళ్లు, లేకపోతే బ్రేకు రబ్బరు రిమ్‌కి అందదు. లివరు కుడి చేతికి పెట్టించు, మన బైకుల్లాగే.

చైన్_టైట్ · 21:05

తమ్ముడూ, నా దగ్గర అంగుళం మీద ఎనిమిదో వంతు స్టీరర్ ఉన్న ఫోర్క్ ఒకటి ఉంది, రంధ్రంతో. కొన్నప్పుడు సైకిల్‌తో వచ్చింది, నేనే తీసి అటక మీద పెట్టాను. కొలత సరిపోతే వచ్చి తీసుకెళ్లు. నేను ఇంకా ఆలోచిస్తున్నా.

తార్నాక_రైడర్ · 21:12

నాదీ అదే కొలత అన్నా. బుధవారం వస్తా. అది బిగించేదాకా రైడ్‌కి తమ్ముడి సైకిల్ మీదే వస్తాను.