జీతమా, గుర్తింపా? పని చేయించేది ఏది?

లెక్కలపుస్తకం:
మా ఆఫీసులో ఈ ఏడు ఇంక్రిమెంట్లు ఆపేశారు. బదులుగా నెలకొకరికి 'ఉత్తమ ఉద్యోగి' షీల్డు, గోడ మీద ఫోటో. మూడో నెల షీల్డు అందుకున్న కుర్రాడు పదిరోజులకే రాజీనామా ఇచ్చాడు. జీతం ముందు మిగతావన్నీ దండగే అంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

ఖని పిల్లగాడు:
అన్నా, నీ దిక్కే నేను. మా నాయిన సింగరేణిల చేసి రిటైరైండు. దసరా ముంగట లాభాల వాటా ఇస్తరు గదా, అది మస్టర్ల లెక్కన, అంటే డ్యూటీకి పోయిన రోజుల లెక్కన వస్తది. నాయిన డ్యూటీకి పోయిన రోజల్లా మా అమ్మ క్యాలెండర్ల సున్న చుట్టేది. జరమొచ్చినా గోలి ఏస్కొని ఫస్ట్ షిఫ్టుకు పోయిన రోజులున్నయి. పైసలతోటి ఏం కాదనేటోళ్లు మా అమ్మతోటి మాట్లాడుండ్రి.

గళ్ళచొక్కా:
జ్వరంతో వెళ్లి ఆ రోజు ఏం పని చేయగలిగారండీ? మస్టరుకి డబ్బు కడితే మస్టరే పడుతుంది. జీతం చాలకపోతే మనిషి గొణుగుతాడు, పెంచితే గొణుగుడు ఆగుతుంది, అంతే, పని మీద ఇష్టం వేరే చోటు నుంచి రావాలి అని అమెరికా మనస్తత్వవేత్త హెర్జ్‌బర్గ్ 1959లోనే చెప్పాడు.

లెక్కలపుస్తకం:
ఆయన అడిగింది ఇంజనీర్లనీ అకౌంటెంట్లనీ కదండీ. బొగ్గు తవ్వేవాళ్లని కాదు.

ఖని పిల్లగాడు:
గళ్ళచొక్కా గారు అన్నదాంట్ల కొంత నిజముంది. బొగ్గు బాయిల దిగంగనే పైకప్పును రాడుతోటి కొట్టి సప్పుడు ఇంటరు. ఖంగుమంటే మంచిది. డొల్ల సప్పుడొస్తే ఆడ నిలవడొద్దు. ఆ ఇనుడుకు మస్టర్ల ఎక్కువ పడేది ఏం లేదు. అయినా నాయిన రెండుసార్లు కొట్టి సూసేటోడట, పక్కపొంటి ఉన్నోడు ఇంటికి పోవాలె గదా అని. గిది ఏ ఖాతల రాస్తరో నాకు తెల్వదు.

గళ్ళచొక్కా:
నేను చెప్పేదీ అదే.

లెక్కలపుస్తకం:
ఒప్పుకుంటా. కానీ సింగరేణిలో 2024 లాభాల వాటా సంగతి చూడండి. 33 శాతం వాటా అన్నారు. మొత్తం లాభం 4,701 కోట్లు, అందులో 2,289 కోట్లు విస్తరణకి పక్కన పెట్టి, మిగిలిన 2,412 కోట్లలో 33 శాతం, అంటే 796 కోట్లు పంచారు. మొత్తం లాభం మీద చూస్తే 17 శాతం లోపే. తలా సగటున 1.90 లక్షలు చేతికొస్తున్నా కార్మిక సంఘాలు ఈ లెక్క పట్టుకునే అడిగాయి. అంటే డబ్బు వచ్చినా, లెక్క తీసిన తీరు నచ్చకపోతే మనసుకి పట్టదన్నమాట. నా మాటకి నేనే అడ్డం తగులుతున్నానేమో.

మూడోషిఫ్టు:
ఆ ఏడే కాంట్రాక్టు కార్మికులకి మొదటిసారి తలా 5,000 ఇచ్చారు. అసలు ఇవ్వనిదానికన్నా మేలే. కానీ అదే దుమ్ము పీల్చి, పక్కవాడి 1.90 లక్షలు చూశాక ఆ ఐదువేలతో ఎవరికి హుషారొస్తుంది? ఇక్కడ జీతమా గుర్తింపా అన్న ప్రశ్నే రాదు, రెండూ తక్కువే.

గళ్ళచొక్కా:
దీనికి నా దగ్గర జవాబు లేదు. లెక్కలపుస్తకం గారూ, ఇంతకీ ఆ కుర్రాడి షీల్డు ఏమైంది?

లెక్కలపుస్తకం:
టేబుల్ మీదే వదిలేసి వెళ్లాడు. ఫ్యాన్ గాలికి కాగితాలు ఎగరకుండా మా అటెండర్ దాన్ని హాజరు పట్టీ మీద పెడుతున్నాడు. బరువుంది, బాగానే ఆగుతోంది.