'ఏ' మీద ముద్ర ఉంటే కేసు మొత్తం ఆ కంపెనీదేనా?

అచ్చుప్రియ:
నేను అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఉంటాను. పోయిన నెల పాత సామాన్ల సంతలో పోస్టర్లు అచ్చువేసే చెక్క అక్షరాల కేసు (అక్షరాలు సర్దే అరల పెట్టె) ఒకటి కొన్నాను. లావుపాటి గోథిక్ (కొసల్లో చిన్న గీతలు లేని ఇంగ్లీషు అక్షర రూపం), మొత్తం 61 అక్షరాలు. పది లైన్ల సైజు, అంటే సుమారు 42 మిల్లీమీటర్లు. ఒక 'ఏ' (ఇంగ్లీషు A) పక్కభాగాన చెక్క అక్షరాలు తయారుచేసిన విలియం పేజ్ కంపెనీ పేరు, కనెక్టికట్‌లోని గ్రీన్‌విల్ పేరు కొట్టి ఉన్నాయి. అమ్మినాయన "మొత్తం పేజ్ సరుకే" అన్నారు. ఆ మాట మీద చీటీ రాసి అతికించవచ్చా?

పాతకేసు:
నిస్సందేహంగా. అమెరికా తయారీదారులు ప్రతి అక్షరం మీదా పేరు వేయలేదు. మామూలుగా 'ఏ' మీద వేసేవారు. అది కేసు మొత్తానికీ వాళ్లు పెట్టిన సంతకం. పేజ్ కంపెనీ 1876లో పేరు మార్చుకుంది కాబట్టి ముద్రలో ఏ పేరుందో చూస్తే కాలం కూడా తెలుస్తుంది. రసీదు లేని వస్తువుకు ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

కంపోజిటర్:
పాతకేసు గారూ, మీతో ఏకీభవించలేను. తెనాలిలో పదకొండేళ్లు నాటకాల పోస్టర్లు కంపోజ్ చేశాను. అక్షరం విరిగితే పక్క అచ్చాఫీసుకు పరుగెత్తి తెచ్చుకునేవాళ్లం, తిరిగి ఇచ్చిన రోజులు తక్కువ. ఇంగ్లీషులో 'ఏ' ఎంత వాడతారో చెప్పనక్కరలేదు. ముందుగా అరిగేవాటిలో, మార్చేవాటిలో అదొకటి. సంతకం అదే అక్షరం మీద ఉంటే ఆ సంతకం కేసును వదిలి తిరుగుతుందన్నమాట.

ఇంకో సంగతి. జేమ్స్ ఎడ్వర్డ్ హామిల్టన్ 1880లో మీ విస్కాన్సిన్‌లోని టూ రివర్స్ ఊళ్లో చెక్క అక్షరాల పని మొదలుపెట్టి, 1891లో పేజ్ కంపెనీని కొనేశారు. పేజ్ నమూనాలన్నీ ఆయన చేతికి వచ్చాయి. కాబట్టి అక్షరం రూపం పేజ్‌దైనంత మాత్రాన తయారీ పేజ్‌ది కాదు. 1834లో లెవెన్‌వర్త్ అనే తయారీదారు పాంటోగ్రాఫ్‌ను (నమూనా గీతను పెద్దగానో చిన్నగానో నకలు తీసే చట్రం) తిరిగే కత్తి ఉన్న కోతమరకు జోడించినప్పటి నుంచే ఒక నమూనాతో ఏ సైజు అయినా తీయడం సాధ్యమైంది.

అచ్చుప్రియ గారూ, ఒక భూతద్దం తీసుకుని మూడు చోట్ల చూడండి. అక్షరం పక్క నుంచి చూస్తే చెక్క ఒకటేనా, పైన పలుచని రేకులాంటిది అతికించారా? లోపలి మూలల్లో కత్తి గాట్లు ఉన్నాయా? తిరిగే పనిముట్టు మూలను పదునుగా తీయలేదు, చేత్తో చెక్కి సరిచేయాల్సిందే. అచ్చు దిమ్మెతో అదిమి తయారుచేసిన వాటికైతే ఈ గాట్లు అక్కరలేదు, లోతు కూడా తక్కువ. మూడోది, సందుల్లో మిగిలిన సిరా.

పాతకేసు:
అనుమానం పేరుతో ముద్రను పక్కన పెడితే చేతిలో ఏమీ మిగలదు. చెక్క అక్షరాల చరిత్ర రాసిన రాబ్ రాయ్ కెల్లీ సేకరణ ఆస్టిన్‌లో టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉంది. అలాంటి అక్షరాలతో పోల్చి చూడండి. రూపమూ ముద్రా రెండూ కలిస్తే అది చాలు.

కంపోజిటర్:
రెండూ కలిస్తే ఆ 'ఏ'కు చాలు. మిగతా అరవై సంగతి?

అచ్చుప్రియ:
రాత్రంతా చూశాను. 57 అక్షరాల్లో ఒక్కొక్కటీ అతుకు లేని ఒకే చెక్క ముక్క. దుంగను అడ్డంగా కోసిన ముఖం, మేపుల్ కలపలాగా దగ్గరి నేత, లోపలి మూలల్లో సన్నని కత్తి గాట్లు. మూడింటికి పక్కన స్పష్టమైన అతుకు గీత ఉంది. పైన పాలిపోయిన పలుచని చెక్క, కింద వేరే కలప. ఇక ముద్ర ఉన్న 'ఏ'. దాని మధ్యలో, త్రిభుజం మూలల్లో ఎర్ర సిరా గట్టిపడి ఉంది. మిగతా వాటిలో ఎక్కడా ఎరుపు చుక్కైనా లేదు, అంతా నలుపే.

కంపోజిటర్:
అతుకు ఉన్న మూడూ పేజ్ పనిలా లేవు. హోలీ అనే చెట్టు తెల్లని చెక్కను పలుచగా కోసి, అక్షరం తీసి, చౌక కలప మీద అతికించడం హామిల్టన్ తొలి పద్ధతి. ఆ 'ఏ' మీ మిగతా అక్షరాలతో కలిసి బతికింది కాదు, ఎర్రటి పోస్టర్లు వేసిన మరో చోటి నుంచి వచ్చింది.

పాతకేసు:
మూడింటి సంగతి ఒప్పుకుంటాను. 57 మాత్రం పేజ్‌వే అంటాను. ఎర్ర సిరా ఒక్కరోజు పనికి కూడా పట్టవచ్చు.

అచ్చుప్రియ:
చీటీ ఇలా రాశాను: "పది లైన్ల గోథిక్, 61. పేజ్ ముద్ర ఒక 'ఏ' మీద, అందులో ఎర్ర సిరా. అతుకు చెక్క 3. మిగతా 57, తయారీదారు ముద్ర లేదు." ఎరుపును కడగకుండా వదిలేస్తున్నాను.