మార్సాలిస్ కుటుంబం గురించి చెప్పాలి, ఎవరితో మొదలుపెట్టను?

పల్లవి_చరణం:

నమస్కారమండీ. మా లైబ్రరీలో నెలకోసారి ఒక సంగీత కుటుంబం గురించి మాట్లాడుకుంటాం. ఈసారి వంతు నాది. అమెరికా దక్షిణాదిలోని న్యూ ఆర్లీన్స్ నుంచి మార్సాలిస్ కుటుంబాన్ని ఎంచుకున్నాను. నేను వింటన్ ట్రంపెట్ వింటూనే జాజ్ నేర్చుకున్నదాన్ని, కాబట్టి ఆయనతో మొదలుపెట్టడం నాకు సులువు. 1984లో ఒకే ఏడాది జాజ్‌కీ క్లాసికల్‌కీ కలిపి గ్రామీలు, 1997లో పులిట్జర్ (జాజ్ రచనకు అది రావడం అదే మొదటిసారి). ఇవి చెప్పేసరికే సగం టైమ్ అయిపోతుంది.

కానీ తండ్రి ఎలిస్ గారిని "నలుగురు పేరున్న కళాకారుల తండ్రి" అని ఒక్క ముక్కలో చెప్పి దాటేయడానికి మనసొప్పడం లేదు. ఆరుగురు కొడుకుల్లో సంగీతంలోకి రాని ఇద్దరి మాట అసలు ఎత్తాలా వద్దా అన్నది ఇంకో సందేహం. ఆ ఊళ్లో ఉన్నవాళ్లు, వాళ్లని విన్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

మెటైరీ_వాసి:

పల్లవి గారూ, వింటన్‌తో మొదలుపెట్టకండి. మోటెల్‌తో మొదలుపెట్టండి.

ఎలిస్ గారి తండ్రి పేరు కూడా ఎలిస్ మార్సాలిసే. న్యూ ఆర్లీన్స్‌ని ఆనుకుని ఉన్న జెఫర్సన్ పారిష్‌లో (పారిష్ అంటే ఇక్కడ జిల్లా లాంటిది), మిసిసిపీ నది కరకట్ట దగ్గర, ఆయన ఒక మోటెల్ నడిపారు. నేనుండే చోటికి ఎంతో దూరం కాదు. 1964 పౌరహక్కుల చట్టం వచ్చేదాకా నల్లవాళ్లకి ఊళ్లోని పెద్ద హోటళ్లలో గది ఇచ్చేవాళ్లు కాదు. రే చార్లెస్ లాంటి గాయకుడొచ్చినా, థర్‌గుడ్ మార్షల్ లాంటి లాయరొచ్చినా, మార్టిన్ లూథర్ కింగ్ గారే వచ్చినా, రాత్రి తలదాచుకునేందుకు ఇలాంటి చోట్లే దిక్కు. ఇప్పుడు ఆ భవనం లేదు. అటు వెళ్లినప్పుడల్లా, అక్కడ ఎవరెవరు నిద్రపోయారో తెలియకుండా జనం దాటిపోతున్నారే అని నాకు బాధేస్తుంది. ఈ కుటుంబంలో మొదటి కెరీర్ అది. దాన్ని చెప్పకుండా మిగతావి చెబితే కథ మధ్యలో అందుకున్నట్టే.

ఇక ఎలిస్ గారు. 1934లో పుట్టారు. మొదట క్లారినెట్, తర్వాత శాక్సఫోన్, ఆ తర్వాతే పియానో. 1955లో డిలార్డ్ యూనివర్సిటీలో సంగీత బోధనలో డిగ్రీ తీసుకున్నారు. ఆయనకి ఇష్టమైంది బీబాప్, అంటే అప్పటి కొత్త జాజ్. న్యూ ఆర్లీన్స్‌లో డబ్బొచ్చేది మాత్రం టూరిస్టులు అడిగే పాత పద్ధతి జాజ్‌కీ, నాట్యానికి పనికొచ్చే రిథమ్ అండ్ బ్లూస్‌కీ. జాజ్ పుట్టిన ఊళ్లోనే తనకి నచ్చిన జాజ్ వాయించి ఇల్లు నడపడం కుదరని పరిస్థితి. ఇంట్లో ఒకరి తర్వాత ఒకరు ఆరుగురు మగపిల్లలు. బ్రో బ్రిడ్జ్ అనే చిన్న ఊళ్లో స్కూలు బ్యాండ్ టీచర్‌గా చేశారు. 1967 నుంచి మూడేళ్లు ట్రంపెటర్ ఆల్ హర్ట్ బ్యాండ్‌లో వాయించారు. వింటన్‌కి మొదటి ట్రంపెట్ వచ్చింది ఆ హర్ట్ గారి దగ్గర్నుంచే, అప్పుడు పిల్లవాడికి ఆరేళ్లు. ఇక్కడ ఒక్క విషయం తప్పక చెప్పండి: ఆ ట్రంపెట్ చాలా ఏళ్లు ఊరికే పడుంది. పన్నెండేళ్లు వచ్చేదాకా వింటన్ గట్టిగా సాధన చేయలేదు. పక్కన కూర్చోబెట్టి సాధన చేయించే తండ్రి కాదు ఎలిస్ గారు.

1974లో నోకా అనే ప్రభుత్వ కళల పాఠశాలలో చేరారు. నా దృష్టిలో ఆయన జీవితంలో అసలు పని అది. టెరెన్స్ బ్లాంచర్డ్, డొనాల్డ్ హారిసన్, హ్యారీ కానిక్ జూనియర్, నికొలస్ పేటన్, వీళ్లంతా ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు. కొడుకులూ అక్కడే, మిగతా పిల్లలతో పాటే. 1986లో వర్జీనియా వెళ్లి మూడేళ్లు అక్కడి యూనివర్సిటీలో చెప్పారు. 1989లో తిరిగొచ్చి యూనివర్సిటీ ఆఫ్ న్యూ ఆర్లీన్స్‌లో జాజ్ విభాగాన్ని నిలబెట్టి, 2001లో రిటైరయ్యారు.

నేను ఆయన్ని విన్నది ఫ్రెంచ్‌మెన్ వీధిలోని స్నగ్ హార్బర్ అనే జాజ్ క్లబ్బులో. శుక్రవారం రాత్రి అంటే ఎలిస్ గారే, దాదాపు మూడు దశాబ్దాలు. చిన్న గది, పియానోకి దగ్గరగా కుర్చీలు. ఒక్కోసారి డ్రమ్స్ మీద చిన్న కొడుకు జేసన్ ఉండేవాడు. ఎలిస్ గారు ఎప్పుడూ తొందరపడేవారు కాదు. బేస్ వాయించే కుర్రాడు తన వంతులో తడబడితే, కుడిచేత్తో రెండు స్వరాలు అందించి మళ్లీ వెనక్కి తగ్గేవారు. వెనకబెంచీలో ఉన్నవాడికి ఎవరూ గమనించకుండా సాయం చేసే మాస్టారిలా అనిపించేది నాకు. సోలోలకంటే అవే నాకు బాగా గుర్తున్నాయి.

చనిపోవడానికి కొద్ది నెలల ముందుదాకా అలా వాయిస్తూనే ఉన్నారు. 2020 ఏప్రిల్ 1న కోవిడ్‌తో పోయారు, 85 ఏళ్లు. అప్పటికి ఊళ్లో జనం గుమిగూడటం నిషేధం. బ్యాండ్లు ముందు నడుస్తూ, వెనకాల వీధంతా కదిలి సాగనంపే న్యూ ఆర్లీన్స్ మర్యాద, ఆ ఊరి సంగీతానికి ఇంత చేసిన మనిషికి ఆ రోజుల్లో దక్కలేదు. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

అమ్మ_డైరీ:

మెటైరీ గారు బాగా చెప్పారు గానీ, డొలోరెస్ గారి పేరే రాలేదు. ఆరుగురిని పెంచింది ఆవిడ. భర్త రాత్రిళ్లు క్లబ్బుల్లో, పగళ్లు స్కూల్లో. సంగీతం ఆవిడ వైపు నుంచి కూడా ఉంది: పేరున్న జాజ్ బ్యాండ్ నాయకుడు డ్యూక్ ఎలింగ్టన్ దగ్గర బేస్ వాయించిన వెల్‌మన్ బ్రాడ్ ఆవిడ బంధువు. 2017లో పోయారు.

సంగీతంలోకి రాని ఇద్దర్నీ తప్పకుండా చెప్పండి పల్లవి గారూ. మూడోవాడు ఎలిస్ త్రీ, కవి, ఫొటోగ్రాఫర్, బాల్టిమోర్‌లో ఉంటారు. ఐదోవాడు ఎంబోయాకి ఆటిజం. మా అబ్బాయికీ ఆటిజమే, అందుకే ఈ కుటుంబం గురించి ఎక్కడ కనబడ్డా ముందు అతని పేరు ఉందా అని వెతుక్కుంటాను. అతను 1970ల మొదట్లో పుట్టాడు. ఇలాంటి పిల్లల్ని ఎక్కడైనా సంస్థలో వదిలేయమని తల్లిదండ్రులకు చెప్పడం మామూలుగా ఉన్న రోజులవి. వీళ్లు ఇంట్లోనే తమతో ఉంచుకుని పెంచారు. "ఆరుగురిలో నలుగురు" అని లెక్క చెప్పి వదిలేస్తే, ఆ ఇంట్లో రోజూ జరిగిన పెద్ద పని ఒకటి కనబడకుండా పోతుంది.

నీలి_స్వరం:

చిన్న అభ్యంతరం. తండ్రికి న్యాయం చేయాలని వింటన్‌ని మరీ తగ్గించకండి. 1987లో జాజ్ ఎట్ లింకన్ సెంటర్ అనే సంస్థ పనికి పునాది వేసి, జాజ్‌కి న్యూయార్క్‌లో సొంత హాళ్లు, సొంత ఆర్కెస్ట్రా వచ్చేదాకా దాన్ని పెంచినవాడు ఆయన. అక్కడి పేరున్న సంగీత కళాశాల జూలియార్డ్‌లో జాజ్ విభాగాన్నీ నడిపారు. అందరికంటే పెద్దవాడు బ్రాన్‌ఫర్డ్ కూడా అంతే. శాక్సఫోన్ మీద రాక్ గాయకుడు స్టింగ్‌తో వాయించాడు, 1992 నుంచి 95 దాకా టీవీలో రాత్రిపూట వచ్చే టునైట్ షో బ్యాండ్ నడిపాడు, తర్వాత నార్త్ కరోలినాలో పాఠాలు చెప్పాడు. టీవీలో అంత పేరు వచ్చాక దాన్ని వదులుకుని సొంత క్వార్టెట్‌కి, అంటే నలుగురి బృందానికి, తిరిగి రావడం చిన్న నిర్ణయం కాదు. ట్రాంబోన్ వాయించే డెల్‌ఫెయో అయితే, తను వాయించినవాటికంటే రికార్డింగ్ ప్రొడ్యూసర్‌గా ఇతరులకి చేసిన పని ఎక్కువ.

పల్లవి_చరణం:

అందరికీ చాలా థాంక్స్. మోటెల్, నోకా, స్నగ్ హార్బర్, డొలోరెస్ గారు, ఎంబోయా, ఈ వరసలో రాసుకుంటున్నాను. వింటన్ చివర్లో వస్తారు. అమ్మ_డైరీ గారూ, మీరు రాసింది రెండుసార్లు చదివాను. మీ మాటలే చెప్తాను, ఫోరమ్‌లో ఒక అమ్మ రాశారని.

ఒక్కటే మిగిలింది. అందరూ కలిసి ఒక్కచోట కనబడే సందర్భం ఏదైనా ఉందా? దాంతో ముగించాలని.

మెటైరీ_వాసి:

మూడున్నాయండీ. 2001లో ఎలిస్ గారు రిటైరైనప్పుడు నలుగురు కొడుకులూ ఆయనతో కలిసి ఇక్కడి యూనివర్సిటీలో కచేరీ చేశారు, హ్యారీ కానిక్ కూడా వచ్చాడు. దాని రికార్డింగ్ దొరుకుతుంది, వినిపించండి. 2011లో నేషనల్ ఎండోమెంట్ ఫర్ ది ఆర్ట్స్ (కళలకి సాయం చేసే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్లు జాజ్ మాస్టర్స్ గౌరవాన్ని తండ్రికీ నలుగురు కొడుకులకీ కలిపి ఇచ్చారు. ఒక కుటుంబానికి కలిపి ఇవ్వడం అదే మొదలు.

మూడోది కచేరీ కాదు. 2005లో కత్రినా తుఫాను వరదకి ఇళ్లు పోయిన సంగీతకారుల కోసం, బ్రాన్‌ఫర్డ్, హ్యారీ కానిక్ ఇద్దరూ పూనుకుని, ఇళ్లు కట్టించే స్వచ్ఛంద సంస్థ హాబిటాట్ ఫర్ హ్యుమానిటీతో కలిసి ఊళ్లోని అప్పర్ నైన్త్ వార్డ్‌లో ఒక కాలనీ కట్టించారు. మ్యుజీషియన్స్ విలేజ్ అంటారు, 72 ఇళ్లు. మధ్యలో ఎలిస్ మార్సాలిస్ సెంటర్ ఫర్ మ్యూజిక్, 2011లో తెరిచారు. చుట్టుపక్కల పిల్లలు అక్కడికి వచ్చి సంగీతం నేర్చుకుంటారు. నన్నడిగితే రికార్డింగ్ ముందు వినిపించి, ఆ తర్వాత ఈ కాలనీ ఫొటోలు చూపించండి. మోటెల్‌తో మొదలుపెట్టారు కదా, ఇళ్ల దగ్గర ఆపితే బాగుంటుంది. ఫొటోలు నా దగ్గరున్నాయి, కావాలంటే మెసేజ్ పెట్టండి.