నీటి దారిలో కట్టినవి కూల్చేస్తే ముంపు తగ్గుతుందా?

అలుగు:
పెద్ద వరద వచ్చిన ప్రతిసారీ రెండే మాటలు. "చెరువులు మింగేశారు, ఇప్పుడు అనుభవించండి" అని ఒక వర్గం. "ఇంత వాన పడితే ఎవరు మాత్రం ఏం చేస్తారు" అని ఇంకో వర్గం. నేను మొదటి వర్గం మనిషినే. చెరువు శిఖంలో (నిండితే నీళ్లు నిలిచే నేలలో), వాగు గర్భంలో ఉన్న కట్టడాలు తీసెయ్యాల్సిందే. పెద్దాయన బంగళా అయినా, సర్కారు ఆఫీసు అయినా సరే.

చెట్టూ చేమా ఉన్న నేల మీద పడ్డ వానలో పైపైన పారిపోయేది సుమారు పదో వంతు. మిగతాది ఇంకుతుంది, ఆవిరవుతుంది. ఆ నేలలో ముప్పాతిక పైగా సిమెంటూ తారూ కప్పేస్తే సగానికి పైగా పారిపోతుంది, అదీ చాలా వేగంగా. గొలుసుకట్టు చెరువులు చేసే పనల్లా ఈ వేగాన్ని విరవడమే. పైది నిండి అలుగు పారితే కిందిదానికి, అది నిండితే ఇంకా కిందికి. మధ్యలో ఒక చెరువుని పూడ్చి ప్లాట్లు వేసినంత మాత్రాన పై చెరువు అలుగు పారడం మానదు కదా. నీళ్లు పాత దారినే వస్తాయి, ఇప్పుడా దారిలో పడగ్గదులున్నాయి.

ఒప్పుకోనివాళ్లు ఎందుకో చెప్పండి.

నల్లమబ్బు:
ఒప్పుకోను. 2005 జులై 26న ముంబైలో శాంతాక్రజ్ దగ్గర ఒక్క రోజులో 944 మిల్లీమీటర్లు పడింది. అక్కడి పాత మురుగు కాలువలు గంటకి 25 మిల్లీమీటర్ల వానకి కట్టినవి. (అదే ఊళ్లో కొలాబా దగ్గర ఆ రోజు పడింది 8 సెంటీమీటర్లు కూడా లేదు. మేఘం ఎక్కడ కుమ్మరిస్తుందో దాని ఇష్టం.) ఆక్రమణ ఒక్కటీ లేని ఊరైనా ఆ వానకి తట్టుకునేదా?

2009 అక్టోబరులో కృష్ణా నది సంగతి చూడండి. శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కుల (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీరు) దాకా వరద వచ్చింది. ఆ డ్యాం కట్టిందే 19 లక్షల లెక్కకి. ఏ ప్లాట్ల వ్యాపారి తెచ్చాడండీ ఆ వరదని? గాలి ఒక డిగ్రీ వేడెక్కితే 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది. మీరు ఊళ్లో గోడలు కూలుస్తూ కూర్చుంటే పైన మేఘం బలుస్తూనే ఉంటుంది.

చిరుజల్లు:
అన్నిటికీ మూలం ప్లాస్టిక్ కాదా? 1988, 1998 వరదల్లో కాలువలకి పాలిథిన్ సంచులు అడ్డం పడ్డాయనేగా బంగ్లాదేశ్ 2002లో వాటిని నిషేధించింది. మనం పారేసే కవరే మన గుమ్మంలోకి నీళ్లు తెస్తోంది.

తూము:
కొంతవరకే. సంచులు మూస్తే వీధి కాలువ పొంగుతుంది, మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి. మిద్దె ఎక్కి కూర్చోవాల్సిన వరద కవర్ల వల్ల రాదు. తప్పంతా కవరు మీదికి నెట్టేస్తే అనుమతి సంతకాలు పెట్టినవాళ్లు హాయిగా నిద్రపోతారు.

అలుగు:
నల్లమబ్బు గారూ, వాన పెరిగింది, నేనేం కాదనలేదు. వాన పెరుగుతోందని తెలిసీ నీళ్లకి చోటు తగ్గించడాన్నే నిర్లక్ష్యం అంటున్నా. 2015 డిసెంబరులో చెన్నై చూడండి. తాంబరంలో ఒక్క రోజులో 49 సెంటీమీటర్లు, మహా వానే. కానీ చెంబరంబాక్కం జలాశయం నుంచి 29,000 క్యూసెక్కులు అడయారు నదిలోకి వదిలిన తీరు చూసి, సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ దాన్ని మనుషులు తెచ్చిన విపత్తు అనేసింది. ఆ ఊరి దక్షిణాన వాన నీటిని పీల్చుకోవాల్సిన పల్లికరణై చిత్తడి నేలేమో చెత్త కుప్పలకీ ఐటీ కారిడారుకీ పోయి, పాతదాంట్లో చిన్న ముక్క మిగిలింది.

నల్లమబ్బు:
చెన్నైలో జలాశయం తప్పంటారు, సరే. 2018లో కేరళలోనూ అందరూ డ్యాంలనే తిట్టారు. కేంద్ర జల సంఘం లెక్కలు తీసి, గేట్లు ఎత్తడం వల్ల వరద పెద్దగా పెరగలేదని, వానే అసలు కారణమని తేల్చింది. ప్రతి వరదకీ ఒక దోషిని వెతికి పట్టుకోవాలన్న ఆత్రం ఎందుకు?

తూము:
ఇద్దరూ వాన వెర్సస్ ఆక్రమణ అని పందెం వేసుకుంటున్నారు గానీ మూడోది ఒకటుంది, మరమ్మతు. 2008 ఆగస్టులో నేపాల్‌లో కుసహా దగ్గర కోసీ కరకట్టకి గండి పడింది. నది దారే మార్చుకుని బిహార్‌లో లక్షల మందిని ముంచింది. ఆ రోజు నదిలో ఉన్నది ఒకటిన్నర లక్షల క్యూసెక్కుల లోపే. అక్కడి కట్టడాలు తట్టుకోవాల్సింది తొమ్మిదిన్నర లక్షలు. ఆరో వంతు నీటికే తెగిందంటే వానని ఎలా తిడతాం? 2023లో లిబియాలో డెర్నా అనే ఊరిదీ ఇదే కథ. పైన రెండు డ్యాంలు పగుళ్లిచ్చాయని ఏళ్ల కిందటే తెలుసు, బాగుచేయలేదు. తుపాను రాత్రి రెండూ తెగి వేల మంది పోయారు. వాతావరణ మార్పు వల్ల ఆ వాన 50 శాతం దాకా బలపడి ఉండొచ్చని శాస్త్రజ్ఞులు లెక్క కట్టారు, నిజమే. అయినా ఆ కట్టలు నిలిచి ఉంటే అన్ని ప్రాణాలు పోయేవి కావు.

ఇక కూల్చడం గురించి. ఇళ్లు తీసేస్తే సరిపోతుందన్న భ్రమ వద్దు. నీళ్లు ముందు ఇరుకుల దగ్గర ఎగదన్నుతాయి. వాగు వెడల్పులో మూడో వంతు కూడా లేని కల్వర్టులు, తూములు చాలని రోడ్డు కట్టలు, గుర్రపుడెక్క పట్టిన కాలువలు. అవి విప్పకుండా చెరువులో ఇళ్లు తీసినా అందులోకి నీళ్లు చేరవు, పక్క కాలనీకి పోతాయి. పూడిక తీయాలి, అలుగుకి దారివ్వాలి, పైనుంచి వచ్చే కాలువని చెరువుకి మళ్లీ కలపాలి. ఫొటోకి బావుండేది బుల్డోజరు, పని చేసేది కల్వర్టు వెడల్పు చెయ్యడం.

దస్తావేజు:
ఇంతసేపూ నీళ్ల లెక్కలే, ఆ ఇంట్లో ఉన్నవాళ్ల మాట ఎవరూ ఎత్తలేదు. లేఔటు చూసి, రిజిస్ట్రేషన్ చేయించుకుని, బ్యాంకు లోను తీసుకుని, ఇంటి పన్ను కట్టి, కరెంటు మీటరు పెట్టించుకున్న మనిషి నిర్లక్ష్యం ఏముంది ఇందులో? ప్రతి కాగితం మీదా సర్కారు ముద్రే. వరదొస్తే మునిగేది వాడే, కూలిస్తే వీధిన పడేదీ వాడే. లేఔటు వేసినవాడు ఇంకో చెరువు చూసుకుంటున్నాడు.

కోర్టు మాటా చెప్తా. కూల్చివేతలకి ముందు 15 రోజుల నోటీసివ్వాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పింది. రోడ్లు, నదులు, చెరువుల వంటి చోట అనుమతి లేని కట్టడాలకి ఆ రక్షణ వర్తించదనీ అందులోనే ఉంది. అంటే అలుగు గారు కోరేచోట జనానికి ఆ 15 రోజుల ఊరట కూడా దక్కకపోవచ్చు.

అలుగు:
దస్తావేజు గారూ, చెరువు హద్దు కాపాడాలని ఇదే సుప్రీంకోర్టు 2001లో హించ్ లాల్ తివారీ కేసులో గట్టిగానే చెప్పింది. జనాన్ని వీధిన పడేయమని నేను అనలేదు. నెదర్లాండ్స్‌లో 1995లో నదులు పొంగి రెండున్నర లక్షల మందిని ఖాళీ చేయించారు. ఆ తర్వాత వాళ్లు గట్లు ఇంకా ఎత్తు పెంచడానికి బదులు నదికే చోటిచ్చారు. నైమేగన్ ఊరి దగ్గర కరకట్టని 350 మీటర్లు వెనక్కి జరిపి, పక్కన కొత్త పాయ తవ్వారు. ఆ దారిలో 50 దాకా ఇళ్లు పోయాయి, డబ్బు చెల్లించే తీసుకున్నారు. ఇంకో చోట రైతులే ముందుకొచ్చి, మేము దిబ్బలు పోసుకుని వాటి మీద ఉంటాం, వరద వస్తే మా పొలాల మీదుగా పోనివ్వండి అన్నారు. అడిగితే జనం వింటారు, వాళ్లతో మాట్లాడాలి అంతే.

దస్తావేజు:
డబ్బు చెల్లించే అన్న మాట దగ్గరే ఆగండి. దాన్ని ఎవరి జేబు నుంచి తీస్తారు? నన్నడిగితే లేఔటు వేసినవాడి ఆస్తీ, అనుమతిచ్చిన అధికారి పెన్షనూ ముందు జప్తు చేయాలి. కొన్నవాడికి ఇంకో చోట ఇల్లు చూపించాకే యంత్రం రావాలి. ఈ వరసలో చేస్తామంటే మొదటి సంతకం నాదే.

నల్లమబ్బు:
నాకూ అభ్యంతరం లేదు, ఒక్కటి తప్ప. హద్దు రాళ్లు పాత రికార్డు చూసి పాతేస్తారు మీరు. ఆ రికార్డు రాసిన నాటి వాన వేరు. రేపటి వానకి నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో కొలిచి గీస్తే, ఈరోజు హద్దుకి బయట భద్రంగా ఉన్నామనుకునేవాళ్లూ లోపలికి వస్తారు. అప్పుడూ ఇదే ఊపుతో కూల్చమంటారా?

తూము:
వాళ్లవి కూల్చక్కర్లేదు. అక్కడ కొత్తగా అనుమతులు ఆపి, ఉన్న ఇళ్లకి కింది అంతస్తు ఖాళీగా వదలమంటే చాలావరకు సరిపోతుంది. కూల్చేది నీళ్లు పారే నడిదారిలో ఉన్నవే. పొర్లితే మునిగే అంచుని దానితో కలిపి ఒకే గీత గీసినచోటే ఈ గొడవంతా.

అలుగు:
ఆ నడిదారి ఎక్కడుందో ఎవరు గీస్తారు? రెవెన్యూ వాళ్ల పటం ఒకటి చెప్తుంది, నీటిపారుదల వాళ్లది ఇంకోటి. ముందు ఈ రెండూ కలిపి జనానికి కనపడేలా పెట్టమనండి, మిగతా వాదన దాని మీద చేద్దాం.